ఆక్యుపేషనల్ థెరపిస్ట్ కావాలంటే: కోర్సు ఎంపిక నుంచి మొదటి ఉద్యోగం దాకా

ఏ ఆస్పత్రిలోనైనా ఎవరినో ఒకరిని ఆపి "ఓటీ ఎక్కడండీ?" అని అడగండి, ఆపరేషన్ థియేటర్ వైపే చెయ్యి చూపిస్తారు. గందరగోళం అక్కడితో ఆగితే ఫర్వాలేదు. కాలేజీల ప్రకటనల్లో, కన్సల్టెన్సీ ఆఫీసుల్లో కూడా ఇదే జరుగుతోంది. ఆక్యుపేషనల్ థెరపీ అనుకుని ఓటీ టెక్నాలజీలో చేరి, మొదటి సెమిస్టర్ పుస్తకాలు చేతికొచ్చాక తెలుసుకునే పిల్లలున్నారు. అనస్థీషియా, ఓటీ టెక్నాలజీ బీఎస్సీ అంటే ఆపరేషన్ థియేటర్లో మత్తు యంత్రాలు, పరికరాలు చూసుకునే వాళ్ల చదువు. అదీ మంచి చదువే, కాకపోతే దారి వేరు. మనకు కావాల్సింది బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, అంటే బీఓటీ. ఫీజు కట్టేముందు డిగ్రీ పట్టా మీద ఏ పేరు అచ్చవుతుందో యూనివర్సిటీ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, బ్రోచర్‌ను నమ్మకండి. పేరులో "టెక్నాలజీ" కనిపిస్తే వెనక్కి రండి.

1. ముందు పని చూడండి, తర్వాత కోర్సు సంగతి

జబ్బు, దెబ్బ, పుట్టుకతో వచ్చిన లోపం, వయసు, మానసిక సమస్య, వీటిలో ఏది అడ్డొచ్చినా మనిషి రోజువారీ పనులు మళ్లీ తనే చేసుకునేలా చూడటం ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పని. ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఏమిటని ఇంట్లో అడుగుతారు. పక్షవాతం వచ్చిన మనిషి కాలిలో బలం, నడక మీద ఫిజియోథెరపిస్ట్ ఎక్కువగా పనిచేస్తారు. అదే మనిషి బాత్రూంలోకి వెళ్లి, మగ్గుతో నీళ్లు పోసుకుని, జారిపడకుండా లేచి, లుంగీ కట్టుకుని బయటికి రావడం దాకా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చూసుకోవాలి. ఇద్దరి పనీ చాలాచోట్ల కలుస్తుంది, మంచి ఆస్పత్రుల్లో ఇద్దరూ ఒకే రోగి దగ్గర కనిపిస్తారు.

ఇంటర్ రెండో ఏడాదిలోనో, పరీక్షలయ్యాక సెలవుల్లోనో, కనీసం రెండు పూర్తి రోజులు ఈ పని జరిగే చోట కూర్చోండి. ఒక రోజు ఆస్పత్రి రీహాబ్ (పునరావాస) విభాగంలో, ఒక రోజు పిల్లల థెరపీ సెంటర్లో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ ఆస్పత్రులకు అనుబంధంగా పిల్లల సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి. ముందే అనుమతి అడగండి. ఫోన్ జేబులోంచి తీయకండి, ఏ పిల్లవాడి ఫొటోనూ తీయకండి.

కూర్చున్నప్పుడు ఒక్కో సెషన్‌కు మూడే మూడు విషయాలు రాసుకోండి: ఏ పని చేయించారు, అది కష్టంగా ఉంటే ఏం మార్చి తేలిక చేశారు, వెళ్లేటప్పుడు ఇంటివాళ్లకు ఏం చెప్పి పంపారు. మూడోది ఖాళీగా మిగిలిపోయే సెంటర్లు కూడా మీకు తగులుతాయి. అది కూడా నేర్చుకోవాల్సిన విషయమే.

ఆ రెండు రోజుల్లో మిమ్మల్ని మీరూ గమనించుకోండి. చొంగ, మూత్రం, వాంతి చూసి మొహం తిప్పుకున్నారా? ఒకే గుండీని ఒకే మనిషి ఇరవైసార్లు పెట్టలేకపోతే మీ చెయ్యి దానంతటదే ముందుకెళ్లి పెట్టేసిందా? మొదటిది అలవాటుతో పోతుంది. రెండోది పోవడానికి చాలా శిక్షణ కావాలి, ఎందుకంటే సాయం చేయాలన్న తొందరే ఈ వృత్తిలో పెద్ద ఆటంకం.

2. కాలేజీ ఎంచుకోవడం

ఇంటర్ బైపీసీ ఉండాలి, సాధారణంగా సైన్స్ సబ్జెక్టుల్లో 50 శాతం మార్కులు అడుగుతారు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. అది ఆరు నెలలా, ఏడాదా అన్నది యూనివర్సిటీనీ, మీరు చేరే సంవత్సరాన్నీ బట్టి ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో బీఓటీ సీట్లు చాలా తక్కువ. అందుకే తెలుగు పిల్లలు ఎక్కువగా పక్క రాష్ట్రాలకే వెళ్తారు. మొదట చూడాల్సినవి కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థలు: కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద సంస్థ, కోల్‌కతాలోని లోకోమోటర్ (కదలికలకు సంబంధించిన) వైకల్యాల సంస్థ, ఢిల్లీలోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ. వీటికి ఉమ్మడి ప్రవేశ పరీక్ష నడుస్తూ వచ్చింది, ఫీజులు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ప్రైవేటు వైపు వేలూరు సీఎంసీ, మణిపాల్, చెన్నై ఎస్‌ఆర్‌ఎం పేరున్నవి. ముంబయి కేఈఎం, సయన్, నాయర్ ఆస్పత్రుల కాలేజీల్లో నీట్ ర్యాంకుతో సీట్లిస్తారు, ఎక్కువ భాగం మహారాష్ట్ర వాళ్లకే పోతాయి. ఆసియాలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు 1950లో ఆ కేఈఎం ఆస్పత్రిలోనే మొదలైంది. అమెరికాలో పుట్టి, మన దేశానికి కోడలై వచ్చిన కమలా నింబ్‌కర్ దాన్ని నిలబెట్టారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాల్లో భారత్ కూడా ఉంది.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వల్ల ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి. ఎంబీబీఎస్ ఆశ లేకపోయినా సరే నీట్ రాసి ఒక స్కోరు చేతిలో ఉంచుకోండి. జాతీయ సంస్థల నోటిఫికేషన్లు ఇంటర్ పరీక్షల హడావుడిలోనే వస్తాయి, గడువు దాటిపోయేది అందుకే.

కాలేజీకి ఫోన్ చేసినప్పుడు లైబ్రరీ, హాస్టల్, ప్లేస్‌మెంట్ సంగతి చివర్లో అడగండి. ముందుగా అడగాల్సినవి ఇవి:

- ప్రపంచ సమాఖ్య గుర్తింపు ఉందా, ఏ సంవత్సరం దాకా ఉంది? విదేశాలకు వెళ్లే ఆలోచన ఇప్పుడు లేకపోయినా అడగండి. గుర్తింపు లేని కాలేజీలో చదివాక దాన్ని తర్వాత సంపాదించుకునే మార్గం మీకుండదు.
- నాలుగేళ్లలో రోగుల దగ్గర శిక్షణ ఎన్ని గంటలు? సమాఖ్య కనీస ప్రమాణం 1,000 గంటలు.
- ఆ గంటలు ఎక్కడ? సొంత ఆస్పత్రి ఉందా? నరాల విభాగం, కాలిన గాయాల వార్డు, మానసిక వైద్యం, పిల్లల విభాగం నాలుగూ తిప్పుతారా?
- పాఠాలు చెప్పేవాళ్లలో ఎంఓటీ (ఇదే సబ్జెక్టులో మాస్టర్స్) చేసిన ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎంతమంది? ఫిజియోథెరపీ టీచర్లతోనే నడిపించే చోట్లు ఉన్నాయి.

నాలుగో ప్రశ్నకు తడబడ్డ కాలేజీకి ఎంత పెద్ద బిల్డింగ్ ఉన్నా వద్దు.

ఒక మాట. "మూడు నెలల సెన్సరీ ఇంటిగ్రేషన్ సర్టిఫికెట్‌తో థెరపిస్ట్ అవ్వండి" అనే ప్రకటనలు కనిపిస్తాయి. స్పర్శ, శబ్దం, కదలిక లాంటివాటికి పిల్లలు సరిగా స్పందించేలా చేసే థెరపీ అది. అలాంటి కోర్సులు డిగ్రీ ఉన్నవాళ్లకు అదనపు శిక్షణగా పనికొస్తాయి. డిగ్రీ బదులు అవి చేసి పిల్లల మీద చెయ్యి వేయడం తప్పు.

3. చదువులో అసలు పట్టు ఎక్కడ

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ బండెడు ఉంటాయి. తర్వాత నరాలు, ఎముకలు, మనస్తత్వం, పిల్లల ఎదుగుదల. ఇవన్నీ ఫిజియోథెరపీ వాళ్లూ చాలావరకు చదువుతారు. మీకు మాత్రమే చెందిన విద్య ఒకటుంది: ఒక మామూలు పనిని విప్పి, ఎక్కడ తెగిందో చూసి, తిరిగి కట్టడం. దీన్ని యాక్టివిటీ అనాలిసిస్ అంటారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తే జీవితాంతం వెలితిగానే ఉంటుంది.

ఎలా సాధన చేయాలో ఒక ఉదాహరణ. పక్షవాతంతో కుడిచెయ్యి బలహీనపడ్డ పెద్దాయన అన్నం తినాలి. ఎడమచేత్తో తినమంటే మన ఇళ్లలో ఆయనే ఒప్పుకోరు, నలుగురిలో అసలే తినరు. కాబట్టి పుస్తకంలో ఉన్న "ఇంకో చేతికి మార్చు" అన్న సలహా ఇక్కడ సగమే పనిచేస్తుంది.

మొదట దగ్గు చూడండి. నీళ్లు తాగినా, ముద్ద మింగినా పొలమారుతోందంటే, గొంతు తడిగా గరగరలాడుతోందంటే, తినిపించే సాధన ఆపి డాక్టరుకూ స్పీచ్ థెరపిస్టుకూ చెప్పండి. ఆ సంగతి తేలకుండా చేతి పని మొదలుపెట్టకూడదు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

తర్వాత కూర్చునే తీరు. మంచం మీద దిండ్లకు జారగిలబడి ఎవరూ చెయ్యి వాడలేరు. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ, మోచెయ్యి సుమారు 90 డిగ్రీలు వంగి ఆనేంత ఎత్తులో బల్ల. నడుం నిలవకపోతే చేతిలో ఉన్న కాస్త బలమూ పడిపోకుండా ఆపుకోవడానికే ఖర్చయిపోతుంది.

కంచం జారకుండా కింద తడిగుడ్డ మడతపెట్టండి. అంచు ఎత్తుగా ఉన్న కంచమైతే మెతుకులు అంచుకు తగిలి వేళ్లలోకి వస్తాయి. కుడిచేతికి స్పర్శ తెలియకపోతే వేడి ఎంతుందో ఎడమచేత్తో చూసుకోవడం నేర్పండి, లేకపోతే వేళ్లు కాల్చుకుని కూడా తెలియదు.

ఇప్పుడు తిండి వరుస. ఇక్కడే మన వంటిల్లు తెలిసినవాళ్లకు పై చెయ్యి. ఇడ్లీతో మొదలుపెట్టండి. మెత్తగా తెగుతుంది, ముక్క నిలుస్తుంది, బొటనవేలు, రెండు వేళ్లు చాలు. తర్వాత ముద్దపప్పు అన్నం, గట్టి పెరుగన్నం: కలిపి ఉండ చేయాలి కాబట్టి ఐదు వేళ్లూ కదలాలి, అయినా ముద్ద విడిపోదు. ఆ తర్వాతే కూరన్నం. చారన్నం చివరికి, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి. దోసె ఒంటిచేత్తో తుంచడానికి గట్టి పట్టు కావాలి, దాన్ని బాగా ఆలస్యంగా తెండి. ఇంటివాళ్లు చేసే మామూలు పొరపాటు, మొదటిరోజే పెళ్లి భోజనంలా అన్నీ వడ్డించడం. పెద్దాయన రెండు ముద్దలు ఒలకబోసుకుని, సిగ్గుపడి, "నువ్వే తినిపించు" అంటారు. అక్కడితో వారం వెనక్కి.

ముద్ద నోటిదాకా రావాలంటే భుజం ఎత్తాలి, మోచెయ్యి వంగాలి, ముంజెయ్యి తిరగాలి, మణికట్టు నిలవాలి, వేళ్లు సరైన క్షణంలో విప్పుకోవాలి. ఏది ఆగిందో చూసి అక్కడే సాయం పెట్టండి. భుజం ఎత్తలేకపోతే మోచెయ్యి బల్లమీద ఆనించండి. వేళ్లు మూసుకోకపోతే పిడికి స్పాంజి గొట్టం తొడిగిన చెంచా ఇవ్వండి, బయట కొనక్కర్లేదు, సైకిల్ హ్యాండిల్ గ్రిప్ కూడా సరిపోతుంది.

ఇలాగే రోజుకో పనిని విప్పి రాయండి. చొక్కా తొడుక్కోవడంలో సూత్రం చిన్నది: బలహీనమైన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. తొడిగేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు, పక్షవాతంలో వదులైన భుజం కీలు జారుతుంది. గుండీలు పెట్టలేకపోతే లోపల వెల్క్రో కుట్టించి, గుండీలను పైన అలంకారంగా ఉంచమనండి. చూసేవాళ్లకు తేడా తెలియదు, ఆ మనిషి నలుగురిలోకి వెళ్లడానికి జంకడు.

స్ప్లింట్ల తయారీ, అంటే చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే తొడుగులు చేయడం, ఇంకో చేతిపని. థర్మోప్లాస్టిక్ షీటును సుమారు 65 నుంచి 75 డిగ్రీల వేడి నీళ్లలో మెత్తబరిచి, తుడిచి, మీ చేతిమీద వేడి చూసుకుని, అప్పుడు రోగి చేతిమీద వేసి ఆకారం తేవాలి. కాలిన చేతికైతే సాధారణంగా మణికట్టు 20 నుంచి 30 డిగ్రీలు పైకి, పిడికిలి కణుపులు 70 నుంచి 90 డిగ్రీలు వంచి, వేళ్లు చాచి. ముంజేతి పొడవులో మూడింట రెండు వంతులు, చుట్టుకొలతలో సగం పట్టాలి. అంతకంటే పొట్టిగా కోస్తే అంచు ఒక్కచోటే ఒత్తి పుండు పడుతుంది. తొడిగిన అరగంట తర్వాత విప్పి చూడండి. ఎర్రమచ్చ ఇరవై నిమిషాల్లో పోకపోతే ఆ చోటు మళ్లీ వేడిచేసి సర్దాల్సిందే. "రేపు చూద్దాం" అనుకున్న స్ప్లింట్లే ఎక్కువగా మంచం కింద దుమ్ము పట్టి కనిపిస్తాయి.

4. ఇంటర్న్‌షిప్‌లో ఏం సంపాదించుకోవాలి

ఏ కేసు చూసినా లక్ష్యం కొలతతో రాయడం అలవాటు చేసుకోండి. "చేతి పనితనం మెరుగుపడాలి" అన్నది లక్ష్యం కాదు. "మూడు వారాల్లో కుర్చీలో కూర్చుని, మాటసాయం మాత్రమే తీసుకుని, నాలుగు గుండీలు పెట్టుకోవాలి" అన్నది లక్ష్యం. రోజువారీ పనులు కొలవడానికి బార్తెల్ ఇండెక్స్ ఉంది, పూర్తి స్కోరు 100. చేరినరోజు, వెళ్లేరోజు రెండు స్కోర్లూ ఫైల్లో ఉంటే డాక్టరు మీ మాట వింటారు, ఇంటివాళ్లకూ ఎంత దూరం వచ్చారో కనిపిస్తుంది.

మానసిక వైద్య విభాగం నుంచి తప్పించుకోకండి. చాలామంది పిల్లల విభాగం కోసం అక్కడి రోజులు మార్పించుకుంటారు. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషికి ఉదయం లేచి స్నానం, వంటింట్లో చిన్న పని, బజారుకెళ్లి చిల్లర లెక్క తెచ్చుకోవడం, ఇలా రోజును తిరిగి కట్టడం అక్కడే నేర్చుకుంటారు. ఈ వృత్తి మూలాలూ మానసిక ఆస్పత్రుల్లోనే ఉన్నాయి.

5. రిజిస్ట్రేషన్, మొదటి ఉద్యోగం

చదువయ్యాక 2021 చట్టం ప్రకారం రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. మహారాష్ట్ర, ఢిల్లీల్లో ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీలకు కలిపి అంతకుముందు నుంచే కౌన్సిళ్లు ఉన్నాయి. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులకు ఉండే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు మీకు వర్తించదు. పిల్లల సెంటర్ల యజమానులు తెలియక అదే అడుగుతుంటారు, మర్యాదగా వివరించండి. 1952లో ఏర్పడిన అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘంలో సభ్యత్వం వేరే సంగతి, అదీ తీసుకోవడం మంచిది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు ఖాళీలు ఎక్కువగా పిల్లల సెంటర్లలోనే: ఆటిజం, ఏడీహెచ్‌డీ, సెరిబ్రల్ పాల్సీ, చేతిరాత సమస్యలు. ఉద్యోగం తొందరగా దొరుకుతుంది కాబట్టి అందరూ అటే పోతారు. మా సలహా వేరు: జీతం కొంచెం తక్కువైనా మొదటి రెండేళ్లు ఆస్పత్రిలో చేయండి. పక్షవాతం, వెన్నుపాము దెబ్బలు, చేతి ఆపరేషన్లు చూసినవాళ్లు తర్వాత పిల్లల దగ్గరికి వెళ్లినా నిలదొక్కుకుంటారు. ఉయ్యాల, బంతులగుంత దగ్గరే మొదలైనవాళ్లకు అవతలి దారి మూసుకుపోతుంది.

పిల్లల సెంటర్‌కే వెళ్తే చేరేముందు అడగాల్సినవి రాతపూర్వకంగా అడగండి. రోజుకు ఎన్ని సెషన్లు? ముప్పావుగంట సెషన్లు ఎనిమిది వరసగా పెడితే నోట్స్ రాసే టైముండదు, సాయంత్రానికి మీ నడుమూ ఉండదు. జీతమా, సెషన్‌కింతనా? పిల్లవాడు రాని రోజు డబ్బు ఎవరిది? మీ పైన అనుభవమున్న ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉన్నారా? తల్లిదండ్రులను లోపలికి రానిస్తారా? రానివ్వని చోట పని చేయకండి. వారానికి రెండు మూడు గంటలు మీ దగ్గర గడిపే పిల్లవాడు మిగతా సమయమంతా ఇంట్లోనే ఉంటాడు. అమ్మకు, నానమ్మకు నేర్పని థెరపీ గేటు దాటదు. "ఆరు నెలల్లో ఆటిజం తగ్గిస్తాం" అని బోర్డు పెట్టిన సెంటర్‌లో మీ పేరు, మీ రిజిస్ట్రేషన్ నంబరు గోడమీద ఉండటం మీకే ప్రమాదం.

ప్రభుత్వం వైపు ఎయిమ్స్, జాతీయ సంస్థల్లాంటి చోట పోస్టులు పడతాయి, కానీ తక్కువ, ఎప్పుడో ఒకసారి. వాటికోసం ఖాళీగా కూర్చోకండి. రెండేళ్ల ఎంఓటీ చేయాలనుకుంటే డిగ్రీ తర్వాత కొంతకాలం పనిచేసి వెళ్లండి. అప్పుడు చేతులా, నరాలా, పిల్లలా, మనసా అన్నది మీకే తెలుస్తుంది.

6. విదేశాల ఆలోచన ఉంటే మొదటి ఏడాది నుంచే ఫైలు

అమెరికాలో బయట చదివినవాళ్లకు ఉత్త బీఓటీ సరిపోదు, మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలి. ముందు అర్హత పరిశీలన, ఆపై థెరపిస్టులకు అక్కడ పెట్టే జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, ఎన్‌బీసీఓటీ పరీక్ష, అందులో 450 స్కోరు వస్తే పాస్, తర్వాత ఆ రాష్ట్ర లైసెన్సు. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ (అక్కడి ఆరోగ్య వృత్తుల కౌన్సిల్) రిజిస్ట్రేషన్, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకూడదు. కెనడాలో చదువు పరిశీలన తర్వాత జాతీయ పరీక్ష ఉంటుంది. ఏ దేశమైనా అడిగేది ఒకటే: ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు.

పదేళ్ల తర్వాత కాలేజీకి వెళ్లి ఇవి అడిగితే హెచ్‌ఓడీ మారి ఉంటారు, రికార్డులు స్టోర్‌రూంలో ఉంటాయి. అందుకే ప్రతి పోస్టింగ్ ముగిసిన రోజే గంటలు, విభాగం, సూపర్‌వైజర్ హోదా రాసి, సంతకం, ముద్ర వేయించుకుని స్కాన్ చేసి పెట్టుకోండి. మీ బ్యాచ్ సిలబస్ పుస్తకం ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, డిగ్రీ పట్టాలో చివరకు మార్చి, ఇలా మూడు తీర్లుగా పడితే ఈ మూడూ ఒక్కరివేనని రుజువు చేయడానికి అఫిడవిట్లతో నెలలు గడిచిపోతాయి. బీఓటీ అడ్మిషన్ ఫారం నింపే రోజే పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాయండి. పాస్‌పోర్టు ఇంకా లేకపోతే పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా రాసి, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా ఆ వరసనే పాటించండి.